ఏ మెయిలుకు ఎన్నేళ్లు

తహసీల్దారు ఆఫీసు పాత ఫైళ్లు ఎప్పుడైనా చూశారా? పరిష్కారమైన ఫైలు మీద ఎల్.డిస్, డి.డిస్, ఆర్.డిస్ అని ఏదో ఒకటి ఉంటుంది. ఎల్.డిస్ అయితే ఏడాది ఉంచుతారు, డి.డిస్ అయితే పదేళ్లు, ఆర్.డిస్ అయితే ఎప్పటికీ తీసేయరు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో టాటెన్‌హామ్ అనే అధికారి పేరు మీద వచ్చిన పద్ధతి ఇది. మా దోర్నాల ఉన్న మార్కాపురం తాలూకా 1970లో కర్నూలు జిల్లా నుంచి విడిపోయి, తర్వాత ప్రకాశంగా పేరు మారిన కొత్త జిల్లాలో చేరింది. జిల్లా మారింది గానీ ఈ పద్ధతి మారలేదు.

నేను హైదరాబాద్ కంపెనీ ఒకదానికి మెయిల్ ఆర్కైవ్ చూస్తాను. కరోనాకు ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాను. రెవెన్యూ రికార్డుల్లో పనిచేసి రిటైరైన మామ ఒకాయన మా వీధిలోనే ఉంటాడు. నా పనేమిటో చెబితే ఆయన అడిగింది ఒకటే.

"మీ మెయిళ్లకు డి.డిస్ ఎవరు రాస్తారు అల్లుడూ?"

"సర్వరే రాసుకుంటుంది మామా."

"దానికి చెప్పిందెవరంట?"

ఇంతకంటే పదునైన ప్రశ్న మా ఆడిటర్లు కూడా ఎప్పుడూ వేయలేదు.

దాచడం పెద్ద కష్టం కాదు. మెయిల్ వచ్చినా పోయినా దాని నకలు ఒకటి ఆర్కైవ్‌కు వెళ్తుంది. బీసీసీలో ఎవరిని పెట్టారో కూడా అందులో ఉంటుంది. తన ఇన్‌బాక్స్‌లో ఎవరు ఏం డిలీట్ చేసుకున్నా ఆ నకలు చెక్కుచెదరదు. గడువు తీరేదాకా అడ్మిన్‌కు కూడా చెరిపే వీలు లేకుండా తాళం పడుతుంది. 2000 నాటి ఐటీ చట్టం ఏడో సెక్షన్ కోరేది కూడా దాదాపు ఇదే. రికార్డు తర్వాత తెరిచి చూసుకునేలా ఉండాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఏ తేదీన ఏ వేళకు వెళ్లిందో తెలియాలి. అందుకే "ప్రింట్ తీసి పెట్టుకున్నాం కదండీ" అంటే నేను ఒప్పుకోను. ప్రింటులో హెడర్ రాదు. హెడర్లో 'రిసీవ్డ్' అనే వరుసలు కింద నుంచి పైకి చదవాలి. దారిలో తగిలిన ప్రతి సర్వరూ తన ముద్ర వేసి పంపుతుంది. ఒకటి గ్రీనిచ్ టైం వేస్తుంది, ఇంకొకటి మన టైం వేస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు అది చూసి, మెయిల్ మధ్యలో ఐదున్నర గంటలు ఎక్కడో ఆగిపోయిందని కంగారుపడతారు.

అసలు తంటా గడువు దగ్గర వస్తుంది. కంపెనీల చట్టం లెక్కల పుస్తకాలను ఎనిమిదేళ్లు ఉంచమంటుంది. లిస్టైన కంపెనీకి సెబీ 2015 నిబంధనల్లో రెండు రకాలున్నాయి: శాశ్వతంగా ఉంచాల్సినవి, కనీసం ఎనిమిదేళ్లు ఉంచాల్సినవి. సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో చెప్పింది. బాగానే ఉంది. కానీ మన జనం కొత్త మెయిల్ తెరిచి రాయరు, పాతదాని మీదే రిప్లై కొడతారు. 'పుట్టినరోజు శుభాకాంక్షలు' అన్న సబ్జెక్టు కింద లక్షల రూపాయల పర్చేజ్ ఆర్డరుకు ఆమోదం నడిచిపోతుంది. సర్వర్‌కు అది కేకు మెయిలే.

పోనీ అన్నీ ఉంచేద్దామంటే, అది నా దృష్టిలో బద్ధకం. పని తీరాక వ్యక్తిగత వివరాలు తీసేయాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. తీసేయడమూ ఈ పనిలో భాగమే, అందులో చెయ్యి జారితే మళ్లీ రాదు. జేపీ మోర్గాన్ బ్రోకరేజీ సంస్థ 2019లో ఎప్పటివో పాత రికార్డులు తీసేయబోయి, 2018 తొలి నెలల నాటి దాదాపు 4.7 కోట్ల సందేశాలను పోగొట్టుకుంది. ఒక డొమైన్‌కు గడువు సెట్టింగ్ పడలేదు, పడిందనే అందరూ అనుకున్నారు. 2023లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ వేసిన జరిమానా 40 లక్షల డాలర్లు.

మామ అడిగిన 'చెప్పిందెవరు' అన్న మాటకు జవాబు వెతికితే నాకు సత్యం కంప్యూటర్స్ గుర్తొస్తుంది. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకున్న లేఖ బయటపడేదాకా హైదరాబాద్‌లో ఆ కంపెనీ లెక్కలు నిజమనే నమ్మారు. బిల్లుల సిస్టమ్‌లో 'సూపర్ యూజర్' లాగిన్ ఒకటి పెట్టుకుని, ఆరు వేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లను ఆయా విభాగాల అధిపతులకే కనిపించకుండా దాచారని అమెరికా కమిషన్ 2011లో ఆరోపించింది. అక్కడ సాఫ్ట్‌వేర్ లేక కాదు, తాళంచెవి ఉండకూడని చేతిలో ఉంది. అందుకే ఆర్కైవ్ తాళం ఫైనాన్స్ వాళ్ల దగ్గర గానీ, నా ఒక్కడి దగ్గర గానీ ఉండకూడదంటాను. గడువు మార్చాలంటే రెండు విభాగాలు సంతకం పెట్టాలి. కేసో విచారణో వస్తే ఆ మెయిళ్ల గడువు అక్కడే ఆగిపోవాలి. కోర్టులో ఉన్న సర్వే నంబరు ఫైలును పదేళ్లయిందని ఎవరూ తగలబెట్టరు కదా.

ఇంత చేసినా వాట్సాప్‌కు దారి తెరిచే ఉంటుంది. "ఓకే, ప్రొసీడ్" అని మేనేజర్ ఫోన్లో కొట్టింది మా దగ్గరికి రాదు. ఇలాంటివి దాచనందుకే 2022 సెప్టెంబరులో అదే కమిషన్ 16 వాల్‌స్ట్రీట్ సంస్థల మీద 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానాలు వేసింది. మన దగ్గర ఊరంతా అందులోనే నడుస్తుంది, ఆపండి అంటే నవ్వుతారు.

2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టం అమల్లో ఉంది. మెయిల్‌ను కోర్టుకు ఇవ్వాలంటే దాని హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, రాసి, సిస్టమ్ చూసుకునే మనిషి ఒక భాగంలో, నిపుణుడు ఇంకో భాగంలో సంతకం చేయాలి. ఆ మొదటి సంతకం నాలాంటివాడి మెడకే చుట్టుకుంటుంది కాబట్టి, అప్పుడప్పుడు పాత మెయిల్ ఒకటి పైకి తీసి చూస్తుంటాను. అలా ఒకసారి తీసినదానికి పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలు జోడించి ఉంది. మెయిల్ భద్రంగానే ఉంది, హ్యాష్ సరిపోయింది, తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పాస్‌వర్డ్ మాత్రం విడిగా 'హాయ్' అనే సబ్జెక్టుతో పంపారు. ఆ మెయిల్‌కు ఏడాది గడువు పడింది. ఇప్పుడు తాళమేసిన జిప్ వస్తే గేటు దగ్గరే ఆపి తిప్పి పంపేలా రూలు పెట్టించాను. సేల్స్ వాళ్లకు నా మీద ఇంకా కోపంగానే ఉంది.