ఇంటి పనికీ ఓ తేదీ

ఏప్రిల్ వస్తే ఆఫీసుల్లో గోల్ షీట్లు నింపే హడావుడి. ప్రతి లక్ష్యానికీ గడువు, వెయిటేజీ, మధ్యలో రివ్యూ, చివర్లో రేటింగ్. అదే మనిషి ఇంటి సంగతికొచ్చేసరికి ఆరోగ్యం చూసుకోవాలి, పిల్లలతో ఇంకాస్త గడపాలి అనుకుని ఊరుకుంటాడు. వాటికి తేదీ ఉండదు, ఏమైందని అడిగేవాళ్లూ ఉండరు. రెండూ ఒకే సాయంత్రానికి పోటీ పడితే ఏది నెగ్గుతుందో వేరే చెప్పాలా?

కొంతకాలంగా నేను రెండింటినీ ఒకే డైరీలో ఎదురెదురు పేజీల్లో రాస్తున్నాను. ‘అమ్మను తరచూ చూసి రావాలి’ అని కాదు, ‘రెండో శనివారం, పొద్దున బస్సు’ అని. టికెట్ ముందే తీసుకుని అమ్మకు చెప్పేస్తాను. శుక్రవారం రాత్రి ఆవిడే ఫోన్ చేసి, ‘బస్సు ఎన్నింటికి నాన్నా?’ అంటుంది. ఇక ఆ శనివారం ఎవరు పని చెప్పినా, ‘ఊరెళ్తున్నానండీ, సోమవారం చూస్తాను’ అనడానికి నాకు మొహమాటం ఉండదు.

హైదరాబాద్‌లో అమెరికా ప్రాజెక్టులు చేసేవాళ్లకు ఇంకో చిక్కుంది. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల మీటింగ్ వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నరకు వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మర్నాటి నుంచి అదే మీటింగ్ ఏడున్నరకు, సరిగ్గా పిల్లలు అన్నాలకు కూర్చునే వేళకు. మార్చి దాకా ఇంతే. అందుకే వీళ్లు ఇంటి లక్ష్యాన్ని వేసవికొకటి, చలికాలానికొకటి రాసుకోవాలంటాను. సాయంత్రం పోయిన గంటను పొద్దున స్కూలు బస్సు దాకా పిల్లతో నడిచే దారిలో వెతుక్కోవచ్చు.

అలాగని భారమంతా ఉద్యోగి డైరీ మీదే వేయడం అన్యాయం. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు 35-40 గంటలు చేసేవాళ్లకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లోనే చెప్పాయి. పని వేళలయ్యాక ఫోన్ పక్కన పెట్టే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి చట్టంలో ఉంది. మన లోక్‌సభలోనూ అలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు కానీ అది చట్టం కాలేదు. చట్టం వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. అక్టోబరులోనే టీమంతా కలిసి చలికాలం కాల్స్‌కు వంతులు వేసుకోవచ్చు: ఏ రోజు ఎవరు ఉంటారు, ఎవరు ఏడింటికల్లా లాప్‌టాప్ మూసేస్తారు అని. ఆ కాగితం మీద మేనేజర్ పేరు కూడా ఉండాలి.