శేషాల సాక్ష్యం

చుక్కల మీదుగా గీత నడిపించడం ఇప్పుడు ఏ కంప్యూటరైనా చేస్తుంది. ఆ గీత నిజంగా అతికిందో లేదో పట్టుకోవడానికి మాత్రం చెయ్యి తిరిగిన మనిషి కావాలి. ఈ విద్యలో ఫ్రాన్సిస్ అన్‌స్కోంబ్ 1973లో చూపిన పనితనానికి చేతులెత్తి మొక్కాలి. పదకొండేసి చుక్కలతో నాలుగు పట్టికలు అల్లాడాయన. నాలుగింటికీ సగటులు ఒకటే, సహసంబంధ గుణకం 0.816, ఆర్-స్క్వేర్ 0.67, అతికే సరళరేఖా ఒకటే: ఎక్స్‌లో సగానికి 3 కలపడం. గ్రాఫు గీస్తే నాలుగూ నాలుగు దారులు! రెండోదాన్ని దగ్గరగా చూడండి. ఎక్స్ 4 దగ్గర గీత 5 అంటుంది, ఉన్నది 3.10. తొమ్మిది దగ్గర 7.5 అంటుంది, ఉన్నది 8.77. పద్నాలుగు దగ్గర 10 అంటుంది, ఉన్నది 8.10. తేడాలు వరసగా -1.90, +1.27, -1.90. కొసలు కిందికి, నడుమ పైకి: విల్లులా వంగిన సంబంధం మీద కర్ర పెట్టారని ఈ తేడాలే, అంటే శేషాలే, పట్టిచ్చేస్తున్నాయి. 0.67 మాత్రం కిమ్మనదు.

సరళరేఖ దగ్గర ఆర్-స్క్వేర్‌కి ఒక న్యాయముంది. మొత్తం చలనం, గీత వివరించినంత, మిగిలినంత అని రెండు వాటాలుగా తెగుతుంది. వక్రాల్లో ఆ పంపకం సాధారణంగా కుదరదు. అందుకే ఒక సూత్రంతో వచ్చిన విలువ ఇంకో సూత్రంతో రాదు, ఒక్కోసారి సున్నా కిందికీ దిగుతుంది. అలాంటి సూత్రాలు ఎనిమిదింటిని క్వాల్‌సెత్ 1985లోనే వరసపెట్టి హెచ్చరించాడు. ఎవరు విన్నారు? 2010లో స్పీస్, న్యూమేయర్ కృత్రిమ దత్తాంశాలతో పరీక్షిస్తే, మంచి మోడల్‌కీ చెడ్డ మోడల్‌కీ ఆర్-స్క్వేర్‌లో తేడా చాలాసార్లు మూడో దశాంశ స్థానంలోనో ఆ తర్వాతో మాత్రమే కనబడింది.

వంకర పోవడానికి విలువల్ని తలకిందులు చేసి సరళరేఖ లాగే చవకబారు పద్ధతి ఇంతకన్నా ఘోరం. ఎంజైముల వేగానికి మైకెలిస్, మెంటెన్ 1913లో చక్కటి వక్రం ఇస్తే, దాన్ని ఇలా తిరగేసి గీసే లైన్‌వీవర్-బర్క్ గ్రాఫు 1934 నుంచి పాఠ్యపుస్తకాలను ఏలుతోంది. వేగం 0.10 బదులు 0.08 అని కొలిస్తే, తిరగేసినప్పుడు 10 కాస్తా 12.5 అవుతుంది. అదే 0.02 పొరపాటు 1.00 దగ్గర జరిగితే 1 కాస్తా 1.02 అవుతుంది, అంతే. అతి బలహీనమైన కొలతకే పెత్తనం దక్కిందన్నమాట. చేత్తో లెక్కలు వేసే రోజుల్లో అది అవసరమే. ఇప్పుడు వట్టి బద్ధకం.

పోల్చడానికి ఒక అంకె ఉండాలి కదా అనేవాళ్ల మాటలో నిజముంది. అంకె కావాలంటే కొలత ప్రమాణంలోనే పలికే శేష ప్రామాణిక దోషం ఉంది, పరామితులు పెంచినందుకు జరిమానా వేసే అకైకే సూచిక ఉంది, పక్కన దాచిన దత్తాంశం మీద పరీక్ష ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన సి.ఆర్. రావు 1945లో నిష్పాక్షిక అంచనాల విస్తృతికి కనిష్ఠ హద్దు చూపారు. పరామితులు ఎంత ఊగుతున్నాయో చెప్పకుండా "బాగా అతికింది" అని దాటేయడం ఆ వారసత్వానికి చిన్నతనం. ఏ అంకె ఇచ్చినా శేషాల పటం పక్కనే అచ్చు వేయమని పత్రికల సంపాదకులు పట్టుబట్టాలి. ఆర్-స్క్వేర్ ఒక్కటే పరమావధి అనేవాళ్లు అన్‌స్కోంబ్ రెండో పట్టికకు పదో ఘాతపు బహుపది పెట్టి చూడొచ్చు: పదకొండు చుక్కలకు పదకొండు గుణకాలు, ఆర్-స్క్వేర్ సరిగ్గా 1.