తలుపు తట్టకముందే

హైదరాబాద్ బాలాపూర్‌లోని రోహింగ్యా బస్తీలకు బయల్దేరే ముందు కాసేపు ఫేస్‌బుక్ చూసుకోవడం నా పనిలో భాగమైపోయింది. శరణార్థుల గురించి అక్కడ తెలిసేది తక్కువే. వాళ్లకు గది అద్దెకివ్వాల్సిన ఇంటి ఓనరు, పిల్లల్ని చేర్చుకోవాల్సిన హెడ్మాస్టరు ఏమనబోతారో మాత్రం ముందే తెలిసిపోతుంది.

ఆ మాటలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. "మన రేషన్ వాళ్లు తింటున్నారు" అనేవారికి, వాళ్ల చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డనీ, దాని మీద రేషన్ రాదనీ చెప్పొచ్చు. "వాళ్ల దేశానికి పోవచ్చుగా" అనేవారిలో చాలామందికి మయన్మార్ 1982 నాటి పౌరసత్వ చట్టం సంగతి తెలియదు. అది వాళ్లను ఏ దేశమూ లేనివాళ్లను చేసింది. "చేర్చుకుంటే నా మీదికొస్తుందేమో" అన్న హెడ్మాస్టరుది ద్వేషం కాదు, భయం. రోహింగ్యా పిల్లలు అడ్మిషన్ కోసం సర్కారు బడిని అడగవచ్చని, కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చని ఢిల్లీ పిల్లల కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఉత్తర్వు కాపీ సంచీలో ఉంటే మాట ముందుకు సాగుతుంది.

ఎక్కడిదో వీడియోకు మన బస్తీ పేరు తగిలించి తిప్పేవాళ్లతో వాదన దండగ. అలాగని చూసీచూడనట్టు ఊరుకోలేం. మయన్మార్‌లో విద్వేషం చల్లడానికి ఫేస్‌బుక్ ఎంత పనికొచ్చిందో 2018లో ఐరాస నిజనిర్ధారణ బృందం చెప్పింది. దాన్ని ఆపడానికి తగినంత చేయలేదని కంపెనీ కూడా ఒప్పుకుంది. అందుకే అలాంటి పోస్టులో వీధి పేరు కనబడితే ఆ కుటుంబాలకు వెంటనే కబురు పెట్టాలి. అదే కారణంతో, మంచి మనసుతోనైనా పిల్లల ముఖాల ఫోటోలు మనం పెట్టకూడదు.

ఆశ కూడా ఆన్‌లైన్ నుంచే వస్తుంది, అది నిలవకపోవచ్చు. 2022 ఆగస్టు 17న ఢిల్లీలోని రోహింగ్యాలకు ఫ్లాట్లు ఇస్తామని ఓ కేంద్రమంత్రి ట్వీట్ చేశారు. అలాంటి ఆదేశమేదీ లేదని హోంశాఖ అదే రోజు తేల్చేసింది. ఏది ప్రకటన, ఏది ఉత్తర్వు అన్నది విడమరిచి చెప్పే మనిషి ఒకరు బస్తీకి అందుబాటులో ఉండాలి.

ఫీల్డ్‌వర్క్‌కు వచ్చే విద్యార్థులకు నేను చెప్పేదొకటే: ముందు ఆన్‌లైన్‌లో ఏం మాట్లాడుతున్నారో ఒక పేజీ రాయండి, తర్వాత బస్తీలో తల్లుల్ని అడిగి ఇంకో పేజీ రాయండి. మొదటిదాంట్లో సరిహద్దులు, భద్రత ఉంటాయి. రెండోదాంట్లో అద్దె, నీళ్లు, ఏరి అమ్మే చిత్తు సామాను ధర, పిల్ల చదువు ఉంటాయి. మొదటి పేజీలోని ఏ మాట రెండో పేజీలోని ఏ పనికి అడ్డం పడుతోందో గుర్తించారంటే, ఆ వారం ఎవరి దగ్గరికి వెళ్లాలో వాళ్లకే తెలుస్తుంది.