మొక్క కంటే ముందు తినేవి

హార్వెస్టర్ కోశాక మిగిలిన వరిగడ్డిని తగలబెట్టకుండా దమ్ములో కలిపేసిన రైతు మంచి పనే చేశాడు. తీరా నాట్లు వేశాక పైరు పసుపు తిరిగి, పిలకలు తొడగకపోతే బెంబేలెత్తిపోతాడు, తెగులని మందు కొడతాడు. చాలాసార్లు అది తెగులు కాదు. గడ్డిలో కర్బనం మెండు, నత్రజని బహు తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఒళ్లు పెంచుకోవడానికి మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి. కొన్ని వారాలకు అవి చచ్చాకే అది మళ్లీ వేరుకు అందుతుంది. అందుకే గడ్డిని నాట్లకు చాలా ముందే కలపాలి. పచ్చిరొట్టగా వేసే జీలుగ అలా కాదు. పూతకొచ్చే వేళ, కాడ ముదరకముందే కలియదున్నితే త్వరగా కుళ్లి నత్రజని వదులుతుంది.

జీవామృతం గురించీ ఓ మాట చెప్పాలి. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. ఈ డ్రమ్ములోని నత్రజని మొత్తం లెక్కేసినా అర కిలో దాటదు. టన్ను వడ్లు పండాలంటే వరికి 15 నుంచి 20 కిలోలు కావాలి. కాబట్టి దాన్ని ఎరువుగా లెక్కేయడం తప్పు. అది సూక్ష్మజీవులకు ఊపునిస్తుంది, అంతే. పశువుల ఎరువు, ఆకూ అలమూ లేని చేనులో దాన్ని పోయడం ఎసరు పెట్టని ఇంటికి చుట్టాల్ని పిలవడమే.

భూమిలో ఏం జరుగుతోందో చూడాలంటే పూత మీదున్న పెసర మొక్కను మట్టితో సహా పెళ్లగించండి. వేళ్ల మీది బుడిపెను గోటితో చిదమండి. లోపల ఎర్రగా ఉంటే అక్కడి రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టే. తెల్లగా ఉంటే ఆ పని జరగడం లేదు.

భాస్వరం మట్టిలో పెద్దగా కదలదు. వేరు చేరలేని చోటి నుంచి దాన్ని మోసుకొచ్చేవి మైకోరైజా శిలీంధ్రపు పోగులు. బదులుగా మొక్క వాటికి చక్కెర ఇస్తుంది. భాస్వరం చేతికందేలా ఉంటే ఆ ఖర్చెందుకని మొక్కే ఈ పొత్తు తగ్గించుకుంటుంది. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలిన మిర్చి చేలల్లోనూ దుక్కిలో డీఏపీ వేసి, పైన మైకోరైజా పొడి కొని చల్లడం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అలాంటి చేనుకు ఈ ఏడు ఆ రెండూ మానేసి, ఆ డబ్బుతో బాగా మాగిన పశువుల ఎరువు తోలించండి.