150 మాటల్లో సిమెంటు

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు రాతపరీక్షకు సిద్ధమయ్యే తిరుమలగిరి పిల్లలకు నేను ముందు చూపించాలనుకునేది ఒక ప్రశ్న. కేంబ్రిడ్జి ప్రచురించిన సాధన పరీక్షల ఎనిమిదో సంపుటంలో, మూడో పరీక్షలో, అకడమిక్ రాతకు మొదటి ప్రశ్న అది. రెండు బొమ్మలు. ఒకదాంట్లో సిమెంటు తయారీ, రెండోదాంట్లో ఆ సిమెంటుతో కాంక్రీటు కలపడం.

మన జిల్లాకు ఇది దూరపు సంగతి కాదు. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి గనులూ సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. ఇంటికి స్లాబు పోసేనాడు కాంక్రీటు కలిపే మిల్లరు తిరగడం చూడని పిల్లలుండరు. అయినా ఆ ప్రశ్న ఎదురుగా పెడితే చాలామంది తడబడతారు. దాని పనితనం అలాంటిది.

మొదటి బొమ్మలో సున్నపురాయి, బంకమట్టి క్రషర్‌లో పడి పొడి అవుతాయి. పొడి మిక్సర్‌లోకి, అక్కణ్నుంచి మంట మీద తిరిగే గొట్టంలోకి, తర్వాత గ్రైండర్‌లోకి పోయి సిమెంటై బస్తాలకెక్కుతుంది. అన్నీ అంచెలే, ఒక్క అంకె లేదు. రెండో బొమ్మ తీరే వేరు: కంకర 50 శాతం, ఇసుక 25, సిమెంటు 15, నీళ్లు 10. అన్నీ పాళ్లే, యంత్రం ఒక్కటే. వరస చెప్పే ఇంగ్లీషు, కొలత చెప్పే ఇంగ్లీషు రెండూ వచ్చో లేదో ఒక్క ప్రశ్నతో తేల్చేశారు! కంకర ఒక్కటే మిగతా మూడింటి మొత్తానికి సమానం. అన్ని యంత్రాలు దాటి వచ్చిన సిమెంటు కాంక్రీటులో ఆరో వంతు కూడా ఉండదు. ఈ రెండు సంగతులూ బొమ్మలో ఎక్కడా రాసి లేవు. చూసినవాళ్లే పట్టుకోవాలి. ఈ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

దీనికి 20 నిమిషాలు, కనీసం 150 మాటలు. రెండు ముడిసరుకులు అంచెలంచెలుగా సిమెంటవుతాయనీ, కాంక్రీటుకు నాలుగు దినుసులు ఒకేచోట కలిస్తే చాలనీ మొత్తం చిత్రాన్ని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి. అది స్పష్టంగా లేని జవాబు, భాష ఎంత బాగున్నా, అడిగింది పూర్తిగా రాశారా అని చూసే మొదటి కొలమానంలో 7వ బ్యాండు అందుకోలేదు.

వాక్యం దగ్గర ఇంకో మెలిక ఉంది. రాయిని పిండి చేస్తారు అంటాం మనం, చేసేదెవరో చెప్పం. అదే అలవాటుతో ఇంగ్లీషులోకి వెళ్తే ‘వాళ్లు’ అనే కర్త వచ్చి కూర్చుంటాడు. బొమ్మలో మనుషులే లేరు. అందుకే ఇక్కడ కర్మణి వాక్యం బాగా సాధన చేయాలి.

ఫ్యాక్టరీ సంగతులు తెలిసిన పిల్లలకైతే ఇంకా కష్టం. గొట్టంలోంచి వచ్చే క్లింకర్ గురించి, గ్రైండింగ్‌లో కలిపే జిప్సం గురించి రాయాలని చెయ్యి ఉబలాటపడుతుంది. అవి నిజాలే, కానీ బొమ్మలో లేవు, రాయకూడదు. సొంత జ్ఞానానికీ అనుభవానికీ చోటు రెండో ప్రశ్నలో ఉంది: 40 నిమిషాలు, కనీసం 250 మాటలు, విలువ మొదటిదానికి రెట్టింపు.

ఈ ప్రశ్నకు జవాబు రాశాక అదే పద్ధతిలో సొంతంగా ఒకటి తయారు చేసుకోమంటాను. మిర్యాలగూడ మిల్లులో వడ్లు నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి, పొట్టు తీసి ఉప్పుడు బియ్యం చేసే వరస ఒక బొమ్మగా గీయాలి. బియ్యం, నూక, తవుడు, ఊక ఏ పాళ్లలో వస్తాయో మిల్లువాళ్లనే అడిగి రెండో బొమ్మ గీయాలి.