పందెం ఇద్దరిది, నింద నాగమ్మది

మా మిర్యాలగూడ నుంచి వెళ్ళి వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడే. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద 'పల్నాటి వీరచరిత్ర'ను నేను మళ్ళీ మళ్ళీ చదివింది నాగమ్మ కోసమే. గురజాల, మాచర్లల రాజకీయ వైరం కోడిపందెం దాకా వచ్చింది. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలి. ఆ షరతుకి బ్రహ్మనాయుడూ ఒప్పుకున్నాడు కదా!

వైరాన్ని ఇలా తేల్చుకోవడం మనకొక్కరికే లేదు. 1804లో అమెరికా ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ తన ప్రత్యర్థి హామిల్టన్‌ని ద్వంద్వ యుద్ధంలో కాల్చాడు. మర్నాడు హామిల్టన్ చనిపోయాడు. అక్కడ ప్రాణాలొడ్డింది ఆ ఇద్దరే. ఇక్కడ పందెం కాసింది పెద్దలు, పోరాడింది కోళ్ళు, చివరికి కారంపూడిలో నేలకొరిగింది సైన్యాలు.

అయినా బ్రహ్మనాయుడిది పౌరుషమట, మంత్రిణి నాగమ్మది కుట్రట. రాయబారిగా వచ్చిన అలరాజు హత్యకు ఆమెను తిట్టిపోసే కథ, అతని భార్య పేరిందేవి చితి ఎక్కితే మాత్రం చేతులు జోడిస్తుంది.