రాతకెక్కిన యాస: ‘పిగ్మాలియన్’ నాటకంలో లిపి, ఉచ్చారణ

ఆంగ్లంలో రాతకూ ఉచ్చారణకూ పొంతన లేదన్నది తెలిసిన విషయమే. యోధుడనే అర్థంలో వాడే ‘నైట్’ అనే మాటకు ముందు, పలకని ‘కె’ అక్షరం నేటికీ ఉంది. ఉచ్చారణ మారిపోయినా ముద్రణ స్థిరపరచిన వర్ణక్రమం మారకపోవడమే దీనికి కారణం. ఈ పొంతనలేమి ఆంగ్లం మాట్లాడే వారందరిలోనూ ఉన్నప్పటికీ, సాహిత్యంలో కొందరి ఉచ్చారణ మాత్రమే దోషంగా కనబడుతుంది. బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1913లో వియన్నాలో తొలిసారి ప్రదర్శితమైన ఈ నాటకం మొదటి అంకంలో, పూలమ్ముకునే ఎలైజా మాటలను ఆమె పలికినట్లే రాయడానికి షా పూనుకున్నాడు. ‘హీ’ అనే మాటలో ఆమె హకారాన్ని విడిచిపెడితే రాతలోనూ విడిచిపెట్టాడు. కొద్దిసేపటికే, ధ్వనిలిపి లేకుండా చేసే ఈ ప్రయత్నం లండన్ వెలుపలి వారికి అర్థం కాదంటూ రంగసూచనలో క్షమాపణ చెప్పి విరమించాడు.

దీనిని లిపి అశక్తతగా మాత్రమే చూస్తే చాలదు. ధ్వనిశాస్త్రజ్ఞుడైన హిగ్గిన్స్ వర్గం వారు కూడా రాసినట్లు పలకరు. ‘పార్క్’, ‘ఫాదర్’ వంటి మాటల్లోని రేఫను దక్షిణ ఇంగ్లండు శిష్టోచ్చారణ వదిలివేస్తుంది. హిగ్గిన్స్ సంభాషణల రాతలో ఆ లోపానికి గుర్తు ఉండదు. ఎలైజా విడిచిన హకారం యాసగా నమోదైంది. హిగ్గిన్స్ విడిచిన రేఫ ప్రమాణంలో కలిసిపోయింది. ఎలైజా మాటలను యథాతథంగా నమోదు చేయగల ధ్వనిలిపి హిగ్గిన్స్ నోటుపుస్తకంలో ఉంది. అతడు దానిని చూపినప్పుడు ఆమె చదవలేకపోతుంది. ఆమె నోటి మాటపై అధికారం ఆ రాత తెలిసినవాడికి దక్కింది.

షా ఆశించిన పరిష్కారం కొత్త లిపి. 1950లో మరణించిన ఆయన అందుకోసం వీలునామాలో ధనం కేటాయించాడు. ఆ లిపిలో ‘ఆండ్రొక్లీస్ అండ్ ది లయన్’ 1962లో వెలువడింది. అయితే లిప్యంతరీకరణకు ఆధారంగా వీలునామా సూచించినది ఐదవ జార్జి రాజు ఉచ్చారణను. ధ్వనికొక అక్షరం ఏర్పడినా, ఎవరి ధ్వనికి అన్న ప్రశ్న తీరలేదు.

ఉచ్చారణానుగుణమని భావించే తెలుగు లిపికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. ‘వచ్చాడు’ అన్నప్పుడు ఆధునిక శిష్టవ్యవహారంలో చకారం తరువాత వినబడే అచ్చు ‘బ్యాంకు’లోని అచ్చు వంటిది. దానికి వర్ణమాలలో ప్రత్యేకాక్షరం లేదు. ఆ తేడాను యాసగా పరిగణించడమూ లేదు. కాబట్టి పాత్రోచిత భాషను విశ్లేషించేటప్పుడు, ఏ పాత్ర ఉచ్చారణ రాతలో భేదంగా నమోదైందో గుర్తించడంతో పాటు, ఎవరి ఉచ్చారణ నమోదు కాకుండానే ప్రమాణంగా చెలామణి అయిందో కూడా పరిశీలించవలసి ఉంటుంది.